ఇసుక మీద పండిన కేకు

"బాగుంది అంటే చాల్దు నాయనా. యాడ బాగుందో చెప్పు."

గోరంట్లలో మా చిన్నమ్మ వంటింటి గోడకు చేరగిలబడి, సత్తు పళ్ళెంలో ఆమె పెట్టిచ్చిన రాగి కేకు ముక్క నోట్లో వేసుకుని నేనన్నది ఒక్క మాట. దానికి వచ్చిన ఎదురు ప్రశ్న ఇది. ముప్పై ఏళ్ళుగా కథల మీదా కవిత్వం మీదా అభిప్రాయాలు రాసి పత్రికలకు పంపుతున్నవాణ్ణి. యాడ బాగుందని ఇంత సూటిగా నిలదీసిన సంపాదకుడు ఒక్కడూ తగల్లేదు. ఆ పూట ఏదో నసిగి తప్పించుకున్నాను. ఇది ఆ బాకీ.

రసమంటే ఏమిటో చెప్పాల్సి వచ్చినప్పుడు భరతుడు కూడా వంటింట్లోకే దారి తీశాడు. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో ఆయన తెచ్చిన పోలికల్లో బెల్లం ఉంది. బెల్లం లాంటి ద్రవ్యాలూ, నంజుళ్ళూ, ఓషధులూ కూడి రుచులు పుట్టినట్టే భావాలు కూడి రసం పుడుతుందన్నాడు. మన అలంకారశాస్త్రమంతా ఆ బెల్లపు ముద్ద మీద లేచిన మేడ. మేడ మీద షికార్లు చాలామందిమి చేశాం. కింద బెల్లం కరుగుతూ ఉంటే పక్కన నిలబడి చూసినవాళ్ళం మాత్రం తక్కువ. నేను చూసింది మొన్నటి సంక్రాంతి సెలవుల్లో, మా చిన్నమ్మ పొయ్యి పక్కన.

కుక్కరంటే మనకు కూత. ఈ కుక్కరు కూయదు. రబ్బరు తీసేశారు, విజిల్ తీసేశారు. పిడి విరిగి, పప్పుకు పనికిరాక అటకెక్కిన ఐదు లీటర్ల పాత కుక్కరది. లోపల నీళ్ళ చోట ఇసుక, బొటనవేలి కణుపంత మందాన. ఇసుక మీద చిన్న ఇనుప కుదురు, కుదురు మీద నూనె రాసిన గిన్నె. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచివాడు లండన్‌లో ఎముకలు సైతం మెత్తబడేలా ఉడికించే పాత్ర ఒకటి చేసి రాయల్ సొసైటీ పెద్దలకు చూపించాడు. ఆవిరిని బంధించడానికి ఆయన పడ్డ పాట్లన్నీ మూత బిగింపులోనే ఉన్నాయి. ఆ బిగింపులన్నిటినీ ఒక్కొక్కటిగా విప్పేసి మా చిన్నమ్మ అదే పాత్రను పొడి వేడి పెట్టెగా మార్చింది. అటు పాపిన్ పేరు ఆమెకు తెలియదు, ఇటు ఓవెన్ ఆమెకు లేదు.

ఇసుక సంగతి చెప్పాలి. అసలు కథ అక్కడే ఉంది.

చిత్రావతి నంది కొండల్లో పుట్టి బాగేపల్లి మీదుగా మన రాష్ట్రంలోకి దిగుతుంది. గోరంట్ల సీమను తాకి, పుట్టపర్తి పక్కగా సాగి పెన్నలో కలుస్తుంది. కలుస్తుందని భూగోళం పుస్తకంలో ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ళ కంటే ఇసుకే కనబడే ఏరు అది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే పీఠభూమిలో ఏటికి అంతకంటే భాగ్యం లేదు. చిన్నమ్మ కుక్కర్లో ఇసుక ఆ ఏటిదే, ఇల్లు కట్టినప్పుడు మిగిలింది. జల్లెడ పట్టి, మట్టి పోయేదాకా ఏడెనిమిది నీళ్ళు కడిగి, మిద్దె మీద ఎండబోసి, పాలపొడి డబ్బాలో దాచుకుంది. నాలుగేళ్ళుగా అదే ఇసుక. మొదట్లో తెల్లగా ఉండేదట, ఇప్పుడు పొగచూరిన వెండి రంగు తేలింది.

"ఉప్పు పోసినా కాల్తాది అంటారు కదా చిన్నమ్మా?"

"కాల్తాది. ఉప్పేం తెలుసు దానికి. ఇసుకకు తెలుసు."

ఇసుకకు ఏం తెలుసో ఊళ్ళో బొరుగుల బట్టీ చూసినవాడికి చెప్పనక్కర్లేదు. పెద్ద మూకుట్లో ఇసుక కాగుతూ ఉంటుంది. ఉప్పునీళ్ళు పట్టించి ఆరబెట్టిన బియ్యం అందులో పడీ పడగానే ఒక గలగల, ఒక తెల్లటి ఉబ్బు. మరు నిమిషం జల్లెడలోంచి ఇసుక కిందికి జారి బొరుగులు పైన నిలుస్తాయి. ఆ బొరుగులే పొద్దున ఉగ్గాని అవుతాయి. బస్టాండులో చెనిక్కాయలు అమ్మే మనిషి బాణలిలోనూ ఇసుకే. మంట నేరుగా తగిలితే గింజ ఒక పక్క మాడి ఇంకో పక్క పచ్చిగా మిగులుతుంది. ఇసుక ఆ మంటను తన ఒంటి మీద పడనిచ్చి, తొందర లేకుండా తీసుకుని, తొందర లేకుండా నలువైపులా పంచుతుంది. ఈ మెట్టసీమలో నీటి వంట లేదని కాదు, మా సంగటి నీళ్ళలో ఉడికేదే. కానీ ఇక్కడి చిరుతిళ్ళ ప్రాణం మాత్రం పొడి వేడిలో ఉంది. జొన్నరొట్టె పెనం మీద, ఓళిగ పెనం మీద, గుంత పొంగణాలు ఇనుప గుంతల్లో, చెనిక్కాయలూ బొరుగులూ ఇసుకలో. అందుకే ఫోన్‌లో ఎవరో ఎక్కడో కుక్కర్లో ఇసుక పోసి కేకు చేయడం చూసినప్పుడు మా చిన్నమ్మకు అదొక కొత్త విద్య అనిపించలేదు. మరిచిపోయిన చుట్టం తలుపు తట్టినట్టుంది.

చూసింది ఆమె కాదు, ఆమె కోడలు. 2020 వేసవి, లాక్‌డౌన్. బేకరీలు మూసేశారు, మనవరాలి పుట్టినరోజు ముందుకొచ్చింది. మొదటి కేకు మైదాతో చేశారు, ఫోన్‌లో చెప్పినట్టే. పొంగింది, ఉడికింది, పిల్లలు తిన్నారు. "జొరమొచ్చి లేసిన మొగం మాదిరి ఉండె" అని చిన్నమ్మ విమర్శ. ఎంత కచ్చితమైన విమర్శ! కుక్కర్లో వేడి కింది నుంచి, పక్కల నుంచి వస్తుంది, నెత్తిన నిప్పు ఉండదు. ఓవెన్‌లో పై నుంచి కూడా వేడి తగిలి, పిండిలోని మాంసకృత్తులూ చక్కెరా కలిసి తేనెరంగు పొర కడతాయి. లూయీ కామీ మయ్యార్ 1912లో వివరించిన చర్య అది. కుక్కర్లో నెత్తి భాగానికి ఆ అదృష్టం లేదు. మైదా కేకు పైన పాలిపోయి మిగులుతుంది. ఆ పాలిపోయిన ముఖాన్ని దాచడానికి క్రీము కావాలి, క్రీముకు డబ్బు కావాలి, డబ్బు పెట్టాక అది ఇంటి కేకు కాదు.

చిన్నమ్మ మైదా తీసేసి రాగిపిండి పెట్టింది. ఆ ఒక్క మార్పుతో వంటకం కళ అయింది అంటాను నేను. రాగికి పై నుంచి ఎవరూ రంగు వేయక్కర్లేదు, అది రంగుతోనే పుట్టింది. మొదటి వానకు తడిసిన ఎర్రదుక్కి రంగు ఉంటుందే, అది. పరికరంలోని లోటును పదార్థంలోని గుణంతో మూసేయడం, ఆ మూసినట్టు కూడా తెలియనివ్వకపోవడం ఏ శిల్పానికైనా పెద్ద పరీక్ష. ఇక్కడ ఆ పరీక్ష నెగ్గింది దుకాణంలో కొన్నది కాదు, చేనిది.

ఇప్పుడు దగ్గరగా చూద్దాం.

రాగిపిండి రెండు పాళ్ళు, గోధుమపిండి ఒక పాలు. కాఫీ గ్లాసుతో కొలిచింది. గ్లాసు నిండా రాగిపిండి, సగం గ్లాసు గోధుమపిండి. రాగిలో సాగే జిగురు లేదు, ఒట్టి రాగితో చేస్తే కోసేటప్పుడు గుంపు విడిపోయిన గొర్రెల్లా చెదిరిపోతుంది. ఆ సగం గ్లాసు గోధుమ వాటికి కాపరి. పిండిని ముందు పొడి మూకుట్లో వేయించింది. ఎంతసేపు? "పచ్చివాసన పోయి సంగటి వాసన వచ్చేదాకా." ఇంతకంటే స్పష్టమైన కొలత నేను వంట పుస్తకాల్లో చదవలేదు. వేయించి దంచిన చెనిక్కాయల పొడి గుప్పెడు. పొట్టు తీయదు. పొట్టులో ఒక వగరు ఉంది, అది కావాలంటుంది. బెల్లం ముప్పావు గ్లాసు, తురిమి, అర గ్లాసు గోరువెచ్చటి పాలలో కరిగించి, గుడ్డతో వడగట్టింది. హిందూపురం బెల్లం, ముదురు రంగుది. తెల్లబెల్లం చూస్తే ఆమెకు అనుమానం. చెనిక్కాయల నూనె పావు గ్లాసుకు కొంచెం పైన. పులిసిన పెరుగు అర గ్లాసు. యాలకులు రెండు, చిటికెడు ఉప్పు. వంటసోడా అర చెంచా, అదీ చిట్టచివర.

సోడా చివర ఎందుకో ఆమె నాకు చూపించింది. గిన్నెలో పెరుగు మీద చెంచాతో సోడా చల్లి, "చెవి పెట్టి విను" అంది. విన్నాను. దూరంగా, చాలా దూరంగా వాన పడుతున్నట్టు సన్నటి చిటచిట. పులుపుకు సోడా తగిలి గాలి పుడుతున్న శబ్దం అది. ఆ గాలే కేకు ఊపిరి. పుట్టగానే పిండిలో బంధించి పొయ్యెక్కించకపోతే ఊరికే పోతుంది. కలిపేటప్పుడు చిన్నమ్మ చెయ్యి మూడు నాలుగు చుట్లకంటే తిరగలేదు. సంగటి తెడ్డు మీద అంత బలం చూపించే చెయ్యి ఇక్కడ అంత నెమ్మది. ఎక్కువ తిప్పితే గోధుమ జిగురు సాగి రబ్బరు అవుతుందని శాస్త్రం. ఆమె మాటల్లో, "నిద్రపొయ్యే బిడ్డను కదిలిచ్చినట్ట కలపాల." గంటె పైకెత్తితే పిండి తెగిపోకుండా పట్టుతాడులా జారి, కింద ముడి పడి, లోపలికి మునిగిపోవాలి. పడింది, మునిగింది.

పులిసిన పెరుగు దొరకని దేశాల్లో ఈ చిటచిట కోసమే మనుషులు రసాయనశాస్త్రం వెతుక్కున్నారు. బేకింగ్ పౌడర్‌కు 1843లో రూపం ఇచ్చిన ఆల్ఫ్రెడ్ బర్డ్ బర్మింగ్‌హామ్‌లో మందుల దుకాణం నడిపినవాడు. ఆయన భార్యకు ఈస్టు పడదు, గుడ్డు కూడా పడదు. గుడ్డు లేని కస్టర్డ్ పొడి అంతకు ఆరేళ్ళ ముందే చేశాడు, ఆ తర్వాత ఈస్టు లేని రొట్టె కోసం ఈ పొడి. ప్రపంచంలోని బేకరీలన్నీ వాడే వస్తువు ఒక ఇంటామె విస్తరిలో ఏదో ఒకటి వడ్డించాలన్న తాపత్రయంలో పుట్టిందని తెలిశాక నాకు ఆ డబ్బా మీద గౌరవం పెరిగింది. చిన్నమ్మ ఇంట్లో దాని అవసరం రాలేదు, అది వేరే సంగతి. ఇక్కడ పెరుగు పులియడానికి ఎండ చాలు.

గిన్నె అడుగున పాత నోటుబుక్కు తెల్లకాగితం, గుండ్రంగా కత్తిరించి నూనె రాసింది. ఇసుక అప్పటికే పది నిమిషాలుగా కాగుతోంది. కాగిందో లేదో తెలుసుకోవడానికి చెనిక్కాయ గింజ ఒకటి ఇసుకలో గుచ్చింది. బేకరీవాళ్ళ లెక్కలో 180 డిగ్రీలు. ఆమె లెక్కలో, గింజ పొట్టు బిగుసుకుని చిట్లి కమ్మటి వాసన వదలాలి. వాసన రాగానే గింజ తీసి నోట్లో వేసుకుని, గిన్నె దించి, మూత పెట్టి, మంట తగ్గించింది. ఆ తర్వాత చేయాల్సిన పని ఒక్కటే, ఏమీ చేయకపోవడం.

అది ఎంత కష్టమో నాకు తెలుసు. పోయినేడు అనంతపురంలో మా ఇంట్లో ప్రయత్నించాను. ఇరవయ్యో నిమిషంలో మనసాగక మూత తీశాను. అందమైన బొజ్జలా లేచి ఉంది. చూస్తుండగానే నడుమ గుంత పడింది, ఇక లేవలేదు. లోపలి గోడలు గట్టిపడకముందే చల్లగాలి తగిలితే అంతే. కథ రాస్తూ రాస్తూ సగంలో నలుగురికి చదివి వినిపిస్తే ఏమవుతుందో అదే. "మూత తీయాకు" అని చిన్నమ్మ నా వైపు ఇప్పుడు చూసిన చూపులో ఆ గుంత కేకు ఫొటో చూసి నవ్విన నవ్వు ఇంకా ఉంది.

కనుక కూచుని వాసన చూశాం. మొదట వచ్చింది యాలకుల వాసన, విజిల్ ఊడదీసిన తూటులోంచి ఆవిరితో పాటు. అది తొందరపాటు మనిషి, ముందొచ్చి ముందే వెళ్ళిపోతుంది. ఆ తర్వాత కాసేపు ఏమీ లేదు. పావుగంట దాటాక పెరుగు పులుపు కాగుతున్న వాసన ఒకటి సన్నగా తగిలి మాయమైంది. నాకు కొంచెం భయం వేసింది, చెడిందేమోనని. చిన్నమ్మ కంగారు పడలేదు. అరగంట అవుతుండగా బెల్లం బయల్దేరింది. పాకం పట్టేటప్పటి తీపి వాసన కాదది, చెరుకు పాలు ఇగిరే చోట గాలికి వచ్చే ముదురు వాసన. దాని వెనకే చెనిక్కాయ నూనె. ఇక రాగి మాత్రం చిట్టచివర వచ్చింది. రాగి వాసనకు పేరు లేదు. చిన్నప్పుడు సంగటి సట్టి దించి మూత తీసినప్పుడు ముఖానికి కొట్టే ఆవిరిలో అది ఉంటుంది, తిరగలి పక్కన నేల మీద ఉంటుంది, అవ్వ కొంగులో ఉంటుంది. అది వచ్చాక వీధిలో ఆడుతున్న పిల్లలు ఎవరూ పిలవకుండా ఇంట్లోకి వచ్చారు. వాసన ఒక రాగమైతే ఆలాపనకు ఇంత వ్యవధి ఇచ్చిన విద్వాంసుణ్ణి ఈ మధ్య నేను వినలేదు.

నలభై నిమిషాలు దాటాక మూత తీసింది. చీపురుపుల్ల కడిగి గుచ్చితే పొడిగా వచ్చింది. అప్పుడు కనబడింది నెర్రె.

కేకు నడినెత్తిన, వంకరగా, ఒక చోట చిన్న కొమ్మ చీలి. బేకరీ విద్య నేర్చినవాళ్ళు దీన్ని దోషం అంటారు. నెత్తి చదునుగా ఉండాలి, చదునుగా ఉంటేనే పైన క్రీము నిలుస్తుంది. ఈ సీమవాడికి నెర్రె కొత్త కాదు. చెరువు అడుగు నెర్రె విడిస్తే ఆ ఏడు ఏమవుతుందో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు. చిన్నప్పుడు ఆ నెర్రెల్లో చెయ్యి మోచేతిదాకా పెట్టి లోపల చల్లగా ఉందా అని చూసేవాళ్ళం. నేలలో నెర్రె నీళ్ళు వెళ్ళిపోతే వచ్చేది. కేకులో అలా కాదు. పైపొర ముందే గట్టిపడింది, లోపల ఇంకా తడి ఉంది, గాలి ఉంది, పైకి రావాలన్న ఒత్తిడి ఉంది. ఆవిరి తనకు దారి చేసుకుంది. ఒకే ఆకారం, రెండు ఎదురెదురు కారణాలు. కరువుకు గుర్తుగా మా కళ్ళకు అలవాటైన గీత ఇక్కడ పొంగుకు గుర్తు. నెర్రె అంచులు ముదురుగా, లోపలి భాగం తడి మెరుపుతో ఇంకా నునుపుగా ఉంది. దాన్ని చూస్తూ నేను కేకు కోయనివ్వలేదు కాసేపు. పిల్లలు నన్ను తిట్టుకున్నారు.

అలంకారం గురించి నాకో మొండి అభిప్రాయం ఉంది. గోరంట్ల మాధవరాయస్వామి గుడి స్తంభాల దగ్గర అది మరింత బలపడింది. విజయనగర కాలపు పని. ఆ బొమ్మలు, ఆ తీగలు రాయిలోంచి పైకి వచ్చినవి, రాతి మీద పూసినవి కావు. బొమ్మను తీసేస్తే స్తంభం తగ్గిపోతుంది. బేకరీ అద్దాల బీరువాలో గులాబీ రంగు వనస్పతి పువ్వులున్న కేకు చూడండి. పువ్వును వేలితో తీసేస్తే కేకుకు ఏమీ కాదు, నిజానికి కొంచెం బాగుపడుతుంది. నెర్రె అలా తీసేయడానికి వీలయ్యేది కాదు, అది కేకు లోపలి కథ బయటికి రాసుకున్న ఒక్క వాక్యం.

ఇంత మాట అన్నానని బేకరీలంటే పడనివాణ్ణి అనుకోవద్దు. మేం పెరిగిందే అయ్యంగార్ బేకరీల నీడలో. బెంగళూరు చిక్కపేటలో 1898లో హెచ్.ఎస్. తిరుమలాచార్ పెట్టిన బి.బి. బేకరీ దగ్గర మొదలైన సంప్రదాయం అది అని చెబుతారు. హాసన్ జిల్లా నుంచి వచ్చిన వైష్ణవులు, గుడ్డు ముట్టకుండా తెల్లదొరల రొట్టె నేర్చుకుని దాన్లో పచ్చిమిర్చీ కొత్తిమీరా వేసి ఖారా బన్ చేశారు. హిందూపురం వెళ్ళొచ్చిన మా నాయన సంచిలో ఉండే దిల్‌పసంద్, కొబ్బరి తురుము, ఎర్ర చెర్రీ ముక్కలు, నూనె మరకలు పడ్డ పేపరు పొట్లం, దాన్ని విప్పకముందే కమ్ముకునే వాసన. ఆ రుచికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. కేరళలో తలశ్శేరి మాంబళ్ళి బాపు 1883లో ఒక దొర తెచ్చి చూపించిన క్రిస్మస్ కేకును అక్కడి అరటిపండుతో, జీడిమామిడి సారాతో తిరిగి చేసి ఒప్పించాడని చెప్పే కథ కూడా నాకిష్టం. పరాయి వంటకం మన గడప దాటి లోపలికి వచ్చేటప్పుడు చెప్పులు విప్పుతుంది. ఎవరి ఇంట్లో ఏ చెప్పులు విప్పిందన్నదే చూడాలి. తలశ్శేరిలో బ్రాందీ విప్పింది, చిక్కపేటలో గుడ్డు విప్పింది, మా చిన్నమ్మ ఇంట్లో మైదా, వెన్న, చక్కెర, ఓవెన్ అన్నీ విప్పేసి ఒంటి మీద నెర్రెతో నిలబడింది.

ఇక రుచి. చిన్నమ్మ అడిగింది దాని గురించే కదా.

మొదటి కొరుకుకు తీపి తగలదు. ఇది ముఖ్యం. పళ్ళ కింద మొదట తగిలేది రాగి, సన్నటి గరుకు, ఏటి ఒడ్డున తడి ఇసుక మీద కాలు పెట్టినట్టు. మైదా కేకు నోట్లో పడగానే లొంగిపోతుంది. ఇది కొంచెం ఎదురు నిలుస్తుంది, రెండుసార్లు నమలమంటుంది. ఆ రెండోసారికి బెల్లం తెలుస్తుంది, నాలుక కొస మీద కాదు, నోటి వెనక, గొంతు దగ్గర. చక్కెర తీపి ముందు గదిలో కూచుని మాట్లాడే చుట్టం, బెల్లం తీపి వంటింట్లోకి వచ్చి కూచుంటుంది. తర్వాత చెనిక్కాయ ముక్క ఏదో ఒకటి పంటికి తగులుతుంది, దాని పొట్టు వగరు తీపిని ఆపి నిలబెడుతుంది. మింగాక మిగిలేది ఏమిటని చాలాసేపు వెతికాను. చిటికెడు ఉప్పు. బెల్లం వెనక నిలబడి, తాను కనబడకుండా, బెల్లాన్ని కనబడేలా చేసింది.

అడుగుభాగం వేరే ప్రపంచం. ఇసుక వేడికి దగ్గరగా ఉండి, కాగితం కింద బెల్లం మరికాస్త ముదిరి, దాదాపు చేదు అంచు దాకా వెళ్ళి ఆగింది. ఓళిగ మీద పెనం ముద్దరలు పడ్డ చోట ఈ రుచి ఉంటుంది. పై నుంచి కిందికి ఒకే ముక్కలో మెత్తదనం, గరుకు, కరకర, చేదుకు పొరుగున ఉండే తీపి. క్రీము కేకులో ఎక్కడ కోసినా ఒకే మాట వినబడుతుంది. దీన్లో ప్రతి కొరుకుకు స్వరం మారుతుంది.

ఖర్చు లెక్క అడిగితే చిన్నమ్మ నవ్వింది. రాగులు వాళ్ళ చేనివి, చెనిక్కాయలు అంతే, పాలు ఇంటి ఆవువి. కొన్నట్టే వేసుకున్నా గ్యాసు కాక డెబ్బై రూపాయలు దాటలేదు. పది మంది తిన్నాం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్న దగ్గర్నుంచీ రాగి కేకు నగరాల్లో ఖరీదైన అద్దాల వెనక్కి చేరింది. అక్కడి ధరకు మా చిన్నమ్మ రాగి మూటే కొంటుంది. చవక అన్న మాట నాకు ఈ కేకు పక్కన పెట్టబుద్ధి కాదు. చవక అంటే ఏదో తక్కువైనట్టు. దీన్లో ఏది ఎక్కువ పెట్టినా చెడుతుంది. ఒకసారి కోడలు సరదాకు జీడిపప్పు, కిస్‌మిస్, టూటీఫ్రూటీ అన్నీ వేసి చేసింది. పెళ్ళిలో నగలన్నీ వేసుకున్న చిన్నపిల్లలా ఉంది, పాపం నడవలేకపోయింది.

మిగిలిన పిండితో బిస్కెట్లు కూడా వేసింది ఆ రోజు. నెయ్యి, పొడి బెల్లం, రాగిపిండి, చెనిక్కాయల పొడి ముద్ద చేసి, అరచేతిలో అదిమి, ఇడ్లీ రేకు మీద పెట్టి అదే ఇసుక మీద కాల్చింది. అవి బాగున్నాయి. అంతకంటే రాయడానికి లేదు, విరిచీ విరవకముందే అయిపోయాయి.

కేకు కోయడానికి కత్తి తీయలేదు. దారం. రెండు చేతులతో బిగించి పట్టుకుని గుడ్డు కోసినట్టు కోసింది, ముక్క చెదరలేదు. ఇంట్లో అందరికంటే పెద్దామె, చిన్నమ్మ అత్త, తొంభైకి దగ్గర. పళ్ళు లేవు. ఆమెకు నడిమి ముక్క, నెర్రె ఉన్నది, టీలో ముంచి పెట్టారు. ఆమె చాలాసేపు చప్పరించి, "సంగటికి బెల్లం కలిపి ఆరబెట్టినారా ఏమ్మే" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఇంతసేపూ నేను వెతుకుతున్న మాట అది. కేకు అనే పేరు, దాని వెనక ఉన్న ఇంగ్లీషు పుట్టినరోజు పాట, కొవ్వొత్తులు అన్నీ పక్కకు జరిగి, ఆమె నాలుకకు రాగీ బెల్లమూ నిప్పూ మాత్రమే తెలిశాయి.

రెండు ముక్కలు మర్నాటికి దాచిపెట్టమని అడిగాను. విమర్శకుడి అవసరం అన్నాను, దురాశ అని అందరికీ తెలుసు. పొద్దున తిని చూస్తే అది ఇంకో కేకు. రాత్రంతా రాగి తడిని పీల్చుకుని గరుకు తగ్గింది, బెల్లం గొంతు దగ్గర నుంచి నాలుక మధ్యకు వచ్చింది, చెనిక్కాయ నూనె వాసన కొత్తగా మేలుకుంది. మొదటి రోజు కేకు ఎలుగెత్తి పాడింది, రెండో రోజు కూనిరాగం తీసింది. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది. ఆ మాటే చిన్నమ్మతో చెప్పడానికి వంటింట్లోకి వెళ్ళాను.

ఆమె కుక్కరు బోర్లించి ఇసుకను జల్లెడ పడుతోంది, డబ్బాకు ఎత్తడానికి. పక్కన మనవరాలు గొంతుక్కూచుని జల్లెడలోకి ఆత్రంగా చూస్తోంది. ఇసుక జారిపోయాక అడుగున తొక్కతో సహా చెనిక్కాయలు తేలాయి, పదో పన్నెండో. కేకు పొయ్యెక్కే ముందు ఎవరూ చూడకుండా ఇసుకలో పూడ్చిపెట్టిందట. సగానికి సగం నల్లగా మాడిపోయాయి. చిన్నమ్మ ఏమీ అనలేదు. పిల్ల ఒక్కో కాయనూ చిదిపి, మాడినవి కూడా ఊదుకుని తింటోంది. నాకు ఒకటి ఇచ్చింది, మాడిందే.